మే నెలలో రంగు కాగితం మీద పడగానే ఆరిపోతోంది. మీరు ఏ వేళలో పని చేస్తున్నారు?

గీత, కావలి
మే 12, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. ఇక్కడ చేరి ఏడాదిన్నర అయింది. ఇంతకాలం మీరు రాసింది చదవడమే తప్ప నేను అడిగిందీ లేదు, చెప్పిందీ లేదు. ఈ రాత్రి మాత్రం అడగకుండా నిద్ర పట్టేలా లేదు. ఈ ఉక్కకు ఎలాగూ పట్టదనుకోండి.

నేను పిల్లల కథలు రాస్తాను, వాటికి బొమ్మలూ నేనే వేస్తాను. రెండేళ్ళ కిందట దాకా ఒక బడిలో డ్రాయింగ్ టీచరుని. ఇప్పుడు ఉద్యోగం లేదు, ఎవరు పని ఇస్తే వాళ్ళకు చేయడమే. మాది మేడ మీద వాటా. మా పైన ఇంకో అంతస్తు లేదు కాబట్టి పగలంతా కాగిన కప్పు రాత్రి పదింటి దాకా ఆ వేడిని మా మీదికే వదులుతుంది. నేను బల్ల వేసుకున్నది పడమటి గదిలో. వెలుతురు బాగుందని జనవరిలో మురిసిపోయి ఎంచుకున్న గది అది. ఇప్పుడు మధ్యాహ్నం మూడింటికి ఆ గోడకు అరచెయ్యి ఆనిస్తే వెంటనే తీసేయాల్సిందే. కృత్తిక కార్తె ఇప్పుడే మొదలైంది, రోళ్ళు పగిలే రోహిణి ఇంకా ముందుంది.

చేతిలో రెండు పనులున్నాయి. ఒకటి 32 పేజీల బొమ్మల కథ, మొత్తం వాటర్ కలర్. జూన్ 5కి ఇవ్వాలి. రెండోది ఒకటో తరగతి వర్క్‌బుక్కుకు 64 గీత బొమ్మలు. జూన్ 12న బడులు తెరిచేసరికి పుస్తకం పిల్లల సంచుల్లో ఉండాలి కాబట్టి నా బొమ్మలు వాళ్ళకు మే 20కే కావాలి. ఊరందరికీ సెలవులు మొదలయ్యే నెలే పిల్లల పుస్తకాల మీద బతికేవాళ్ళకు నూర్పిళ్ళ నెల. ఇది మా ఇంట్లో ఎవరికీ ఎక్కదు.

మొదటి చిక్కు రంగుది. పద్నాలుగో పేజీలో తుమ్మలపెంట ఒడ్డున తెల్లవారుజాము. ఇసుక మీద మూడు పడవలు, ఒక ముసలాయన వల బాగుచేసుకుంటుంటాడు, మిగతా పేజీ అంతా ఆకాశమే. కింద నారింజ రంగు పైకి వెళ్ళేకొద్దీ పలచబడి బూడిద నీలంలో కలిసిపోవాలి. జనవరిలో ఇది పది నిమిషాల పని. ఇప్పుడు కుంచె ఎడమ అంచు నుంచి కుడి అంచుకు చేరేలోపు ఎడమవైపు ఆరిపోయి గట్టు కట్టేస్తోంది. ఆ గట్టును తడిపి చెరపబోతే దాని పక్కన ఇంకో గట్టు. ఫ్యాను వేస్తే మరీ తొందరగా ఆరుతుంది. కట్టేస్తే నా ముక్కు మీది చెమట చుక్క వెళ్ళి ఆకాశంలో పడుతుంది. నిన్న అలా పడిన చుక్క రంగును చుట్టూ తోసేసి మధ్యలో తెల్లటి పువ్వులా విచ్చుకుంది. చంద్రుడనుకుంటారులే అని వదిలేద్దామనుకున్నాను. కథలో అది అమావాస్య మర్నాడు. ఇప్పటికి నాలుగు షీట్లు చింపాను. వాడేది 200 జీఎస్ఎం కాగితమే, అంతకంటే మందంది కొనడానికి ఈ పుస్తకం మీద వచ్చే డబ్బు చాలదు.

రెండో చిక్కు ట్యాబ్. గీత బొమ్మలు అందులోనే వేస్తాను. మొన్న ఒంటి గంటకు ఆవు చెవి గీస్తుండగా తెర నల్లబడి ఉష్ణమాపకం బొమ్మ ఒకటి ప్రత్యక్షమైంది. చల్లారే దాకా నన్ను ముట్టుకోవద్దని దాని భావం. నా భావమూ అదే కానీ నాకు తెర లేదు.

మూడోది ఇల్లు. మా ఆడపడుచు పిల్లలు ఇద్దరు సెలవులకు వచ్చారు. అత్తయ్య వడియాలు పెడుతున్నారు. మేడ మీద వాటా కాబట్టి ఎండబెట్టే చోటు మా నెత్తి మీదే. "ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా, కాకులు రాకుండా కాస్త చూస్తుండమ్మా" అంటారు. ఆవిడ చాలా మంచి మనిషి, ఒక్క మాట కూడా గట్టిగా అనరు. అదే ఇబ్బంది, అంటే తిరిగి అనవచ్చు. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో బడికి ఫోను చేసి కాకులను చూడమని ఎవరూ అడగలేదు.

ఇక చిన్నవాడు. ఏడేళ్ళు. నేను బొమ్మ వేస్తుంటే పక్కన చప్పుడు చేయకుండా కూర్చుంటాడు, నిజంగా ఇష్టం వాడికి. నిన్న ఆవకాయ అన్నం తిని, చెయ్యి కడుక్కునే వచ్చి, ఖాళీ కాగితం నున్నగా ఉందో లేదో బొటనవేలితో చూశాడు. నాకు తెలియదు. సాయంత్రం అదే కాగితం మీద సముద్రం వేస్తే ఒక చోట రంగు అంటకుండా జారిపోయింది. దీపం కింద పెట్టి చూస్తే నీలంలో వాడి వేలి గీతలు సుడుల్లా తేలి ఉన్నాయి. ఎర్రమరక లేదు, ఏమీ లేదు. నూనె ఒక్కటే మిగిలింది. కోప్పడలేకపోయాను, ఎందుకంటే అలాంటి సుడిని నేను చేత్తో వేయలేను.

నా ప్రశ్నలు: ఈ ఎండల్లో మీరు ఏ వేళకు కుంచె పడతారు? రంగు నెమ్మదిగా ఆరడానికి ఏం చేస్తున్నారు? ఇంకోటి, సిగ్గుపడుతూనే అడుగుతున్నాను. పోయిన వేసవిలో వేసిన బొమ్మలకు ఒకరి దగ్గర నుంచి 18,500 రూపాయలు ఇంకా రావాలి. ఫోను చేస్తే "వచ్చే వారం మేడమ్" అంటారు, ఇప్పటికి నలభై వారాలైంది. ఇలాంటివాళ్ళతో ఎలా మాట్లాడాలి?

జూన్ మొదటి వారం గడిస్తే కాస్త చల్లబడుతుందనే ఆశతో ఉన్నాను.

---

పాత బోర్డు పెయింటరు, నెల్లూరు
మే 13, ఉదయం 5:05

అమ్మాయీ, ముందు ఆ చివరి ఆశ వదులుకో. జూన్‌లో వానలు కేరళకు వస్తాయి, మనకు గాలి వస్తుంది. నెల్లూరు జిల్లాకు అసలైన వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాలదే. జూన్ 12న బడి తెరిచిన నాడు కూడా పిల్లలు ఎండలోనే వెళతారు, చూడు.

నేను ట్రంకు రోడ్డు మీద బోర్డులు రాసినవాణ్ణి. సినిమా కటౌట్లు కూడా వేశాను. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది, బడి గోడల మీద బొమ్మలు మిగిలాయి. గోడ పని అంతా వేసవిలోనే ఉంటుంది. పిల్లలు ఉండరు, గోడ తడి లేకుండా ఉంటుంది. అందుకని ఎండలో పని చేయడం గురించి నాకు తెలిసింది చెబుతాను. పొద్దున పడమటి గోడ, సాయంత్రం తూర్పు గోడ. నీడ ఎటు నడిస్తే నిచ్చెన అటు నడవాలి. నువ్వు బల్లను ఒక్క గదిలో పాతిపెట్టుకుని ఎండను తిడుతున్నావు. పడమటి గది పొద్దున పదింటి దాకానే వాడుకో. పన్నెండు దాటితే తూర్పు గదికి మారు. బల్ల బరువైతే బల్ల వదిలేసి పీట వేసుకో.

తెల్లవారుజామున మూడున్నరకు లే. ఆ వేళకు గోడలు కాస్త చల్లబడి ఉంటాయి, గాలిలో తేమ కూడా ఉంటుంది. కానీ ఒక జాగ్రత్త. పసుపు బల్బు కింద లేత పసుపు కంటికి తెలుపులాగే కనిపిస్తుంది, చాలదనుకుని ఇంకా వేస్తావు. తెల్లారి చూస్తే పెళ్ళివారి గోడలా ఉంటుంది. నాకు ఒక బడి గోడ మీద సరస్వతీ దేవి ముఖం అలాగే అయింది, హెడ్మాస్టరు గారు కామెర్లా అని అడిగారు. అందుకని రంగు పగలే, కిటికీ వెలుతురులో కలిపి, చిన్న సీసాల్లో పోసి మూత పెట్టుకో. రాత్రి చేసేది వేయడం ఒక్కటే, కలపడం కాదు.

గాలిని కూడా చూసుకో. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగిన రోజు కాగితం కొంచెం ఓపిక పడుతుంది. పడమటి గాలి తోసే రోజు ఆకాశాలూ సముద్రాలూ పెట్టుకోకు, చిన్న చిన్న ముక్కలు వేసుకో, పడవ కొయ్యలు, వల, ముసలాయన తలపాగా.

రంగు ఆరకుండా మేము బంకలో తేనె చుక్క వేసేవాళ్ళం. బాగానే పనిచేస్తుంది కానీ నీకు చెప్పను. ఒకసారి అట్ట మీద వేసిన బొమ్మను రాత్రి గోడకు ఆనించి పడుకుంటే తెల్లారేసరికి హీరో మీసం నిండా చీమలు. మందుల షాపులో గ్లిజరిన్ దొరుకుతుంది, గ్లాసు నీళ్ళలో నాలుగైదు చుక్కలు వెయ్యి, మించకూడదు. మించితే రంగు ఎప్పటికీ జిగటగానే ఉండి పై కాగితానికి అంటుకుంటుంది.

చిన్నవాడి వేలిముద్ర ఉన్న కాగితం చింపలేదు కదా?

---

రఫీ, ఆత్మకూరు
మే 13, ఉదయం 9:40

అక్కా, ట్యాబ్ వేడెక్కితే నేను ఐదు నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తాను. రెండేళ్ళుగా ఇదే పద్ధతి, ఏమీ కాలేదు. వేళ్ళ చెమట తెరకు అంటకుండా రెండు వేళ్ళ చేతితొడుగు దొరుకుతుంది, అది వేసుకోండి. పని రాత్రి పదింటి నుంచి రెండింటి దాకా చేస్తాను, పగలు పడుకుంటాను. పెళ్ళి కాలేదు కాబట్టి సాగుతోంది.

---

ఫోన్ల రిపేరు, కందుకూరు
మే 13, ఉదయం 11:15

రఫీ తమ్ముడూ, నీకేమీ కాకపోవడం నీ అదృష్టం. అందరికీ చెప్పకు. కాగిన వస్తువును ఫ్రిజ్‌లో పెట్టి మళ్ళీ ఈ ఉక్కలోకి తీస్తే చల్లటి చెంబుకు పట్టినట్టే దానికి లోపల కూడా చెమ్మ పడుతుంది. మే నెలలో నా బల్ల మీదికి వచ్చే ట్యాబుల్లో ఆ రకం కొన్ని ఉంటాయి. బోర్డు మీద పచ్చటి తుప్పు చూసి "ఫ్రిజ్‌లో పెట్టారా?" అని అడిగితే ముందు లేదంటారు.

గీత గారూ, మీది ఐప్యాడ్ అయితే దాన్ని 35 డిగ్రీల లోపు వాడమని తయారీదారే చెబుతాడు. మన ఊళ్ళలో మే మధ్యాహ్నం గదిలో అంతకంటే ఎక్కువే ఉంటుంది, కాబట్టి అది అలిగిందంటే తప్పు దానిది కాదు. చార్జింగ్ పెట్టి గీయకండి, సగం వేడి అక్కడి నుంచే వస్తుంది. రాత్రి చల్లబడ్డాక చార్జింగ్ పెట్టండి. వెనక తోలు కవరు తీసేసి స్టీలు పళ్ళెం బోర్లించి దాని మీద పెట్టుకోండి. తెర వెలుతురు సగానికి తగ్గించండి. ఫ్యాను దానికి తగలనివ్వండి, మీకు తగలకపోయినా సరే.

---

అనువాదకుడు, ఒంగోలు లాయరుపేట
మే 13, రాత్రి 8:30

గీత గారూ, బొమ్మల సంగతి నాకు తెలియదు, కర్ర పుల్ల కూడా గీయలేను. డబ్బు సంగతి మాత్రం తెలుసు. పాతికేళ్ళుగా రావలసినవే లెక్కపెట్టుకుంటున్నాను.

మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇది బతిమాలుకునే వ్యవహారం కూడా కాదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ఒకటి ఉంది. ఒంటి చేత్తో సేవలు అమ్ముకునే మనలాంటివాళ్ళు కూడా ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదు కావచ్చు. ఆధార్, పాన్ ఉంటే చాలు, రుసుము లేదు. డబ్బు అడిగే వెబ్‌సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదని తెలుసుకోండి, నేను మొదటిసారి అలాంటిదాని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. నమోదయ్యాక పని పుచ్చుకున్నవాళ్ళు రాసుకున్న గడువులోపు, అది ఎంత పెద్దదైనా 45 రోజుల లోపు చెల్లించాలి. గడువేదీ రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదుకు ప్రభుత్వ పోర్టల్ ఉంది. పైగా గడువు దాటబెట్టిన బిల్లును చెల్లించే దాకా వాళ్ళు తమ ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోలేరు. వాళ్ళ ఆడిటర్లు భయపడేది దీనికే.

నేను ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ చేయలేదు. బిల్లు అడుగున ఉద్యమ్ సంఖ్య, దాని కింద "45 రోజులు దాటితే 2006 చట్టం ప్రకారం వడ్డీ" అని ఒక ముక్క రాస్తాను, అంతే. రాయడం మొదలుపెట్టిన తర్వాత "వచ్చే వారం" అనేవాళ్ళు సగానికి సగం తగ్గారు. అయితే మీ పాత 18,500 నమోదుకు ముందు చేసిన పని తాలూకుది. దానికి ఈ చట్టాన్ని నమ్ముకోవద్దు. దానికి ఫోను మానేసి ఈమెయిలు రాయండి. పని ఇచ్చిన తేదీ, బొమ్మల సంఖ్య, మొత్తం, ఇన్ని తారీకుల్లో ఫోను చేశానన్న వరుస, అంతకుమించి ఒక్క మాట వద్దు. ఫోనులో "వచ్చే వారం" అనేవాడు కాగితం మీద ఆ మాట రాయడానికి జంకుతాడు.

ఇంకోటి. వర్క్‌బుక్కు వాళ్ళు బొమ్మల హక్కులు ఏ మేరకు కొంటున్నారో అడిగారా? 1957 కాపీరైటు చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంత కాలానికో రాయకపోతే ఐదేళ్ళకే లెక్క. వాళ్ళు పంపే ఒప్పందంలో "శాశ్వతంగా, అన్ని రూపాల్లో" అనే మాటలుంటే ఆ మాటలకు వేరే ధర అడగండి.

మధ్యాహ్నాల గురించి నా సలహా ఒకటే. బొమ్మ చల్లటి వేళది, రాత ఎండ వేళది. పన్నెండు నుంచి నాలుగు దాకా నేను శాఖా గ్రంథాలయంలో కూర్చుని రాసుకుంటాను. పెద్ద ఫ్యాను, ఎత్తైన కప్పు, దినపత్రికలు ముఖాన వేసుకుని నిద్రపోయే పెద్దమనుషులు, అడ్డుపడేవాళ్ళు లేరు. అన్నిటికంటే ముఖ్యం, సంచి తగిలించుకుని గడప దాటితే ఇంట్లోవాళ్ళకు అది ఉద్యోగంలా కనిపిస్తుంది. కాకులు వేరే మనిషిని చూసుకుంటాయి.

కథ యూనికోడ్‌లో పంపుతున్నారు కదా, వాళ్ళు అచ్చు పనికి వాడే 'అను' అనే పాత రకం ఫాంట్లలోకి మార్చాక ప్రూఫు తప్పకుండా అడిగి చూడండి. మార్పిడిలో వత్తులు ఎగిరిపోతాయి. నా అనువాదంలో ఒకసారి "లక్ష్మణుడు" పుస్తకమంతా "లక్షణుడు"గా తిరిగాడు.

---

శిరీష, చీమకుర్తి
మే 14, ఉదయం 6:20

గీత అక్కా, గ్లిజరిన్ కంటే మంచి ఉపాయం ఉంది, మా ఊళ్ళో కాలికి తగులుతూ పడి ఉంటుంది. గ్రానైట్ ముక్క.

నేనూ వాటర్ కలర్ వేస్తాను, పుస్తకాలకు కాదు, నా సరదాకు. మా నాన్న పాలిషింగ్ ఫ్యాక్టరీలో చేసేవారు. అక్కడ అంచులు కోసేసిన గెలాక్సీ ముక్కలు గుట్టలుగా పడేస్తారు. నల్లటి రాయి, లోపల బంగారు నలుసులు మెరుస్తుంటాయి, మీరు వంటింటి గట్ల మీద చూసే ఉంటారు. నున్నగా పాలిష్ పట్టిన ముక్క ఒకటి నేల మీద పెట్టుకోండి. కాగితాన్ని రెండు వైపులా బాగా తడపండి, ఐదు నిమిషాలు నీళ్ళు పీల్చుకోనివ్వండి, తర్వాత రాయి మీద పరిచి మధ్య నుంచి అంచులకు అరచేత్తో గాలి బుడగలు తోసేయండి. కాగితం రాయికి అతుక్కుపోతుంది. టేపు అక్కర్లేదు, ముడతలు పడదు. చెక్క బల్ల అయితే తడిని పీల్చేస్తుంది, రాయి పీల్చదు. కాగితం అడుగున ఉన్న నీళ్ళకు పోయే దారి లేదు, పైకే రావాలి. మా ఇంట్లో ఈ ఎండల్లో కూడా నాకు ఇరవై నిమిషాలు తడి నిలుస్తుంది. పైగా రాయి తెల్లవారుజామున చల్లగా ఉంటుంది, మోచేతులు ఆనిస్తే ప్రాణం లేచొస్తుంది.

ఒంగోలు దాకా రాకండి. మీ ఊళ్ళో వంటింటి గట్లు వేసే మేస్త్రీని అడిగితే సింకు కోసం కోసి తీసిన ముక్క ఇస్తాడు. వాళ్ళకు అది చెత్తే.

---

గీత, కావలి
మే 19, రాత్రి 9:50

అందరికీ ఒకేసారి రాస్తున్నాను, ఆలస్యమైంది. 64 గీత బొమ్మలూ ఈ మధ్యాహ్నం పంపేశాను, ఒక రోజు ముందే. కందుకూరు అన్నగారి స్టీలు పళ్ళెం పనిచేసింది. ట్యాబ్ మళ్ళీ అలగలేదు. ఒక్కసారి మాత్రం అత్తయ్య అన్నం వడ్డించడానికి పళ్ళెం కోసం వెతికారు.

రాయి దొరికింది. శిరీష చెప్పినట్టే వంటింటి మేస్త్రీ దగ్గర. సింకు ముక్క, రెండు అడుగులకు ఒకటిన్నర అడుగు. ఆయన డబ్బు తీసుకోలేదు కానీ ఎందుకమ్మా అని రెండుసార్లు అడిగాడు. ఆకాశం వేయడానికన్నాను. ఇంకేమీ అడగలేదు. పదిహేను కిలోల దాకా ఉంటుంది, మెట్లెక్కించేసరికి మా ఆయన నడుము పట్టుకున్నారు.

మొదటి రోజు ఘోరంగా పోయింది. అది రాయి తప్పు కాదు, నా తప్పు. నాలుగింటికి లేచి, కాగితం తడిపి పరిచాను. శిరీష అన్నట్టే అతుక్కుపోయింది, అరచేతి కింద బుడగలు జారుతుంటే దోసె పిండి తిప్పుతున్నట్టు ఉంది. రంగు వేస్తే గట్టు లేదు. ఎడమ నుంచి కుడికి, మళ్ళీ వెనక్కి, తొందరే లేదు. నారింజ రంగు తనంతట తానే పైకి పాకుతూ నీలాన్ని కలుసుకుంది. పొంగిపోయాను. ఎనిమిదింటికి ఆరాక చూస్తే ఆకాశం వెలిసిపోయిన లుంగీలా ఉంది. జరిగింది ఏమిటంటే, తడిసిన పలచటి కాగితం లోంచి కింది నల్లరాయి తెలుస్తోంది. నాకు అన్ని రంగులూ ముదురుగా కనిపించి, నీళ్ళు కలుపుతూ పలచన చేస్తూ పోయాను. శిరీషా, నువ్వు మందం కాగితం వాడతావు కాబట్టి నీకు ఈ బాధ తెలిసి ఉండదు.

రెండో రోజు రాయికీ కాగితానికీ మధ్య తెల్లటి ప్లాస్టిక్ షీటు పరిచాను, పుస్తకాలకు అట్టలు వేసే మందం షీటు. దాని కిందా పైనా కూడా తడి ఉండాలి, లేకపోతే జారుతుంది. ఇప్పుడు రంగు ఉన్నది ఉన్నట్టు కనిపిస్తోంది. పద్నాలుగో పేజీ ఆకాశం అలా అయిపోయింది. దాని తర్వాత మూడు పేజీలు కూడా. బాబాయి గారూ, రంగులు ముందు రోజు సాయంత్రం కలిపి సీసాల్లో పెట్టుకుంటున్నాను. పిల్లల దగ్గు మందు సీసాలు కడిగి వాడుతున్నాను, మూతల మీద పేజీ సంఖ్యలు రాసి. గ్లిజరిన్ అవసరం రాలేదు. మధ్యాహ్నం తూర్పు గదికి మారదామంటే అది పిల్లలు పడుకునే గది. అక్కడ మాత్రం నేను ఓడిపోయాను.

గ్రంథాలయానికి మూడు రోజులు వెళ్ళాను. సంచి తగిలించుకుని బయల్దేరుతుంటే అత్తయ్య "ఎండలో ఆఫీసుకేనా, మజ్జిగ తాగి వెళ్ళు" అన్నారు. ఆఫీసు అనే మాట ఆవిడ నోట మొదటిసారి వచ్చింది. కాకులకు పెద్దవాణ్ణి కాపలా పెట్టారు, రోజుకు పది రూపాయలు. నాకు ఎప్పుడూ ఇవ్వలేదు.

ఉద్యమ్ నమోదు అయింది, అరగంట కూడా పట్టలేదు. పాత బాకీకి ఈమెయిలు రాశాను, లాయరుపేట వారు చెప్పిన కొలతకు, విశేషణాలు లేకుండా. నా స్వభావానికి అదే కష్టమైన రచన. "పరిశీలిస్తున్నాం" అని జవాబు వచ్చింది. డబ్బు రాలేదు. వర్క్‌బుక్కు ఒప్పందంలో "శాశ్వతంగా" అనే మాట ఉంది. ధర పెంచమంటే ఒప్పుకోలేదు, మాట తీసేసి ఐదేళ్ళు అని రాశారు. అంత తేలిగ్గా ఒప్పుకుంటారని తెలిస్తే మూడేళ్ళు అడిగేదాన్ని.

వేలిముద్ర కాగితం చింపలేదు బాబాయి గారూ. ఇరవై రెండో పేజీలో పడవ తిరగబడే చోట సుడి కావాలి. అదే వాడాను. చిన్నవాడికి చూపించి ఇది నీదే అంటే, "నేనేమీ చేయలేదు, చెయ్యి కడుక్కునే వచ్చాను" అని ఏడుపు మొహం పెట్టాడు.

---

రఫీ, ఆత్మకూరు
మే 19, రాత్రి 10:30

అక్కా, రాయి మందం ఎంత? మాకు ఇక్కడ పలచటివే దొరుకుతున్నాయి.

---

గీత, కావలి
మే 20, ఉదయం 3:50

18 మిల్లీమీటర్లు. పలచటిదైనా ఫరవాలేదు తమ్ముడూ, నున్నగా ఉంటే చాలు. అంచులు మాత్రం గరుకు రాయి పెట్టి అరగదీసుకో, నాకు మోచెయ్యి తెగింది. కాగితం నానుతోంది, వెళుతున్నాను. ఏడింటికల్లా రాయి కడిగి ఇచ్చేయాలి. అత్తయ్య దాని మీద అప్పడాలు ఒత్తుతారట.